కింది ఆకుల మీద చుట్ట లాంటి మచ్చలు, రెండెకరాల మొక్కజొన్న. ఏం కొట్టాలి?

పలమనేరు_రైతుబిడ్డ
రెండెకరాల మొక్కజొన్న, వేసి 46 రోజులు. రొమ్ము ఎత్తుకి వచ్చింది, జల్లు, అంటే పైన వచ్చే మగ పూత, ఇంకా తీయలేదు. పది రోజులుగా ఒకటే ముసురు, వాన లేని రోజు పొద్దున తొమ్మిది దాకా మంచు. నాలుగు రోజుల కింద కింది ఆకుల మీద పొడుగు మచ్చలు కనిపించాయి. మొదట నీళ్లలో నానినట్టు బూడిద పచ్చగా ఉండి, తరవాత ఎండుగడ్డి రంగుకి తిరిగాయి. ఒక్కోటి చూపుడు వేలంత ఉంది, రెండు చివర్లా సన్నగా, మధ్యలో లావుగా. మందుల షాపులో ఫోటో చూపిస్తే "పురుగు ఉంది, బలం కూడా లేదు" అని ఒక పురుగుమందు, ఒక టానిక్ చేతిలో పెట్టాడు. 1,850 రూపాయలు. కొట్టి మూడు రోజులైంది. తగ్గకపోగా పైన ఇంకో రెండాకులకి ఎక్కింది. రాత్రి నిద్ర పట్టడం లేదు.

టమోటా_బాధితుడు
ఆ టానిక్ నువ్వు తాగుంటే నీకన్నా బలం వచ్చేది.

వీకోట_వెంకి
మాకూ ఇదే కథ. కింది ఆకులే కదా, పోతే పోయాయిలే అనుకుని వదిలేశా. ఇప్పుడు నడుము దాకా వచ్చింది.

కుప్పం_కుర్రోడు
నత్రజని లోపమేమో? యూరియా వేసి ఎన్నాళ్లయింది?

పాత_ఏఓ
నేను వ్యవసాయ అధికారిగా (ఏఓ) పనిచేసినవాణ్ణి. ఫోటో పెద్దది చేసి చూశాను. నత్రజని కాదు. నత్రజని తక్కువైతే కింది ఆకు కొస నుంచి నడి ఈనె వెంబడి పసుపు లోపలికి దిగుతుంది, వి అక్షరంలా ఉంటుంది. పొటాష్ తక్కువైతే ఆకు అంచులు మాడతాయి. జింకు అయితే లేత ఆకుల మొదట్లో తెల్ల చారలు. ఇక్కడ ఆకు మధ్యలో విడివిడిగా కోల మచ్చలున్నాయి. ఇది టర్సికం ఆకుమాడు తెగులు. మీ వైపు చలి, మంచు, ముసురు మూడూ కలిస్తే వచ్చేది ఇదే. పురుగుమందు దీన్ని ఏమీ చేయదు. శిలీంధ్రం కదా, పురుగు కాదు.

పలమనేరు_రైతుబిడ్డ
ఇదేనని గట్టిగా ఎలా చెప్పగలం సార్? ఒకసారి మోసపోయాను. ఇంకోసారి డబ్బు పెట్టే ముందు తేల్చుకోవాలని ఉంది.

నాలుగో_ఏడు
నేను తిరుపతి వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ చివరి సంవత్సరం. ఇంట్లోనే చూడొచ్చన్నా. మచ్చ ఉన్న ఆకు ముక్క కోసి, తడిపి పిండిన న్యూస్ పేపర్ మీద పెట్టి, ప్లాస్టిక్ కవర్‌లో వేసి మూతి కట్టి ఒక రాత్రి వదిలేయ్. మరుసటి రోజు మచ్చ మీద నల్లటి నూగు లేస్తే శిలీంధ్రమే. మందు పడి మాడిన మచ్చకైతే అలా రాదు. ఇంకోటి, మచ్చని వేలితో రుద్ది చూడు. ఇటుకపొడి లాంటిది అంటితే అది తుప్పు తెగులు, వేరే లెక్క.

టమోటా_బాధితుడు
ప్రాక్టికల్ మార్కులు ఎన్ని వచ్చాయి తల్లీ

నాలుగో_ఏడు
అబ్బాయిని అన్నా 😐

పుత్తూరు_పద్మక్క
మా కింద మైదానంలో ఇంత పెద్ద మచ్చలు రావు. మా దాంట్లో చిన్నవి, అంగుళం కూడా ఉండవు, ఆకు ఈనెల మధ్య ఇరుక్కున్నట్టు రెండు పక్కలా గీత గీసినట్టు ఉంటాయి. లేత గోధుమ రంగు. ఇదీ అదేనా?

పాత_ఏఓ
లేదమ్మా, అది దీని తమ్ముడు. మేడిస్ ఆకుమాడు. టర్సికం చల్లటి చోట్ల, దాదాపు 17 నుంచి 27 డిగ్రీల మధ్య బాగా ముదురుతుంది. అందుకే పలమనేరు, కుప్పం, వీకోట గట్టు మీద ఎక్కువ. మేడిస్ వెచ్చటి తేమ కోరుతుంది, 20 నుంచి 30 డిగ్రీలు. పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు అదే కనిపిస్తుంది. చేయాల్సిన పనులు చాలా వరకు ఒకటే. అయితే ఏది ఉందో తెలిస్తే ఎప్పుడు కంగారు పడాలో తెలుస్తుంది.

శ్రీకాళహస్తి_శీను
మాది రెండూ కాదు సార్. నేల దగ్గర, ఆకు తొడుగు కాడ మొదలై పైకి పోతోంది. అడ్డంగా పట్టీలు పట్టీలుగా, పాము చర్మం లాగా.

పాత_ఏఓ
పేరు నువ్వే చెప్పేశావు. పాము పొడ. అది నేలలోంచి వస్తుంది, గాలిలోంచి కాదు. కింది రెండు మూడు ఆకులు తొడుగుతో సహా వలిచి చేను బయట పారెయ్. చాళ్లలో నీళ్లు నిలవనీయొద్దు. కండె దాకా పోనిస్తే ఇబ్బంది. నీ సంగతి ఇంకో చర్చలో అడుగు, ఇక్కడ కలిస్తే అందరూ తికమక పడతారు.

కుప్పం_కుర్రోడు
మా ఊళ్లో మొక్కజొన్నకి పెద్ద తెగులు ఏనుగే. కౌండిన్య అడవి నుంచి రాత్రి వస్తే మచ్చ ఉన్న ఆకు, లేని ఆకు అని చూడదు.

వీకోట_వెంకి
పోయిన ఏడు మా మేనమామ చేలో మూడు దిగాయి. పొద్దునకి తెగులూ లేదు, చేనూ లేదు.

పలమనేరు_రైతుబిడ్డ
ఏనుగులని పక్కన పెట్టండి సామీ. నాలుగో ఏడు తమ్ముడు చెప్పినట్టు చేశాను. ఫ్రిజ్ పైన కవర్ పెడితే మా ఆవిడ "ఇదేం కూర" అంది. పొద్దున తీసి చూస్తే మచ్చ మీద నల్లగా నూగు, మసి పూసినట్టు. వేలితో తీస్తే వేలికి అంటింది. అంటే శిలీంధ్రమే అన్నమాట.

పాత_ఏఓ
అన్నమాటే. ఇప్పుడు నా ప్రశ్న. మొదటి మచ్చ చేలో ఏ మూల చూశావు?

పలమనేరు_రైతుబిడ్డ
గుర్తు లేదు సార్. చూసొచ్చి చెప్తా.

జెర్సీఆవు
ఈ లోపు నా మాట వినండి. మచ్చలున్న ఆకు ఆవుకి వేయొచ్చా? మాకు నాలుగు జెర్సీలు, మేత కోసం ఆఫ్రికన్ టాల్ రకం మొక్కజొన్న వేశాం. దాంట్లోనూ ఇవే మచ్చలు.

పాలకేంద్రం_పక్కన
పచ్చిగా కోసి వేస్తే ఆవుకి ఏమీ కాదు. నేను ప్రతి ఏడూ వేస్తా. తెగులు ముదిరి సగం ఎండితే సత్తువ ఉండదు, పాలు తగ్గుతాయి, అంతే. బూజు పట్టి ముక్కిన వాసన వస్తుంటే మాత్రం వద్దు. సైలేజ్ (గుంతలో ఊరబెట్టే పచ్చి మేత) వేయాలనుకుంటే ఆకులు పూర్తిగా ఎండక ముందే కోయాలి. ఎండిన ఆకు గుంతలో సరిగ్గా అణగదు, గాలి మిగిలి బూజు పడుతుంది. మందు కొట్టిన చేనైతే డబ్బా మీద రాసిన రోజులు ఆగాకే మేత.

పుల్లమజ్జిగ
అందరూ మందు మందు అంటున్నారు. పులిసిన మజ్జిగ నీళ్లలో కలిపి కొట్టండి. శొంఠి పాల కషాయం ఉంది. ప్రకృతి వ్యవసాయంలో మేం వీటితోనే నెట్టుకొస్తున్నాం. నాకు ఎకరా ఉంది, మచ్చలు వచ్చాయి, పోయాయి.

వీకోట_వెంకి
పోయాయి అంటే? పాత మచ్చ మళ్లీ పచ్చగా మారిందా?

పుల్లమజ్జిగ
కొత్తవి రాలేదు.

పాత_ఏఓ
ఈ మాట అందరూ పట్టుకోండి. ఏ మందు కొట్టినా, మజ్జిగ కొట్టినా, చచ్చిన ఆకు భాగం తిరిగి పచ్చబడదు. చాలామంది మందు కొట్టి నాలుగు రోజులకి చేలోకి పోయి "మచ్చలు అట్లే ఉన్నాయి, మందు నకిలీ" అని షాపు వాడితో కొట్లాట పెట్టుకుంటారు. మచ్చల్ని లెక్కపెట్టడం కాదు, పై ఆకులకి కొత్తగా ఎక్కుతోందా లేదా అని చూడాలి. దానికి ఒక ఉపాయం. పది మొక్కల్ని ఎంచి, మచ్చ ఉన్న అన్నిటికన్నా పై ఆకుకి ఎర్ర దారం కట్టు. వారం తరవాత దారం పైన మచ్చ కనిపిస్తే పాకుతున్నట్టు.

మజ్జిగ గురించి మీతో వాదన లేదు. తెగులు రాకముందు, ఒకటి రెండు మచ్చలప్పుడు కొట్టుకోండి. మబ్బు విడవకుండా ఉండి, జల్లు రాబోయే చేలో ఆకు ఆకుకీ ఎక్కుతుంటే దాని మీదే భారం వేయమని నేను చెప్పను.

పుల్లమజ్జిగ
మీ ఉద్యోగం అలా అలవాటు చేసింది.

పాత_ఏఓ
రిటైరై ఆరేళ్లయింది నాయనా, ఇప్పుడు కమీషన్ కూడా రాదు.

టమోటా_బాధితుడు
ఇప్పుడు కూడా రాదు అంటే 👀

వేదిక_కాపలా
టమోటా గారూ, ఒక్కరోజు మీకు ఇక్కడ రాయడం బంద్.

పలమనేరు_రైతుబిడ్డ
చూసొచ్చాను. మా కయ్యకి ఉత్తరం వైపు గెనిమ (గట్టు) మీద పోయినసారి చొప్ప వామి ఉంది. ఆవులకని పెట్టింది, అడుగుది తడిసి నల్లబడితే అలాగే వదిలేశాం. ఆ వామి పక్క రెండు చాళ్లలో ప్రతి మొక్కకీ మచ్చలున్నాయి, ఆరేడు ఆకుల దాకా. దక్షిణం గట్టున మొక్కకి ఒకటో రెండో. మధ్యలో ఎక్కువ తక్కువలు. నా కళ్ల ముందే ఉంది, నలభై రోజులుగా దాని మీదే చొక్కా ఆరేస్తున్నా.

నాలుగో_ఏడు
అన్నా అదే!! పాఠంలో చదవడం వేరు, ఇలా చూడడం వేరు. ఈ శిలీంధ్రం పాత మొక్కజొన్న చెత్తలోనే బతికి ఉంటుంది. తడి తగిలితే ఆ చెత్త మీద బీజాలు పుట్టి గాలికి లేస్తాయి. ఆకు మీద పడ్డాక కొన్ని గంటల పాటు ఆకు తడిగా ఉంటే చాలు, లోపలికి దిగుతాయి. దిగిన వారం పది రోజులకి గానీ మచ్చ కనపడదు. అంటే నువ్వు ఈ రోజు చూసే మచ్చ పోయిన వారం వానది.

పలమనేరు_రైతుబిడ్డ
అంటే ఈ వారం వానది వచ్చే వారం కనపడుతుందా. టెన్షన్ తగ్గించమంటే పెంచావు.

పాత_ఏఓ
తమ్ముడు చెప్పింది నిజం, అందుకే ఆలస్యం చేయొద్దు. నీ లెక్కలో జల్లు ఇంకో పది, పన్నెండు రోజుల్లో వస్తుంది. గింజ పాలు పోసుకునేది కండె దగ్గరి ఆకు, దాని పైన ఆకుల వల్లే. కింది నాలుగు పోయినా నష్టం కొంచెమే. పీచు (కండె కొసన వచ్చే దారాలు) రాకముందే తెగులు కండె ఆకు దాకా పోతే గింజ సన్నబడుతుంది, కండె కొస ఖాళీగా ఉండిపోతుంది. అదే గింజ గట్టిపడ్డాక వస్తే పెద్దగా పోయేది లేదు, అప్పుడు మందు కొట్టడం డబ్బు తగలేయడం.

నువ్వు చేయాల్సింది ఇది. వామి అడుగు చెత్త రేపే తీసి దూరంగా గుంతలో వేసి మట్టి కప్పు. వాన విడిచిన పూట మాంకోజెబ్ లీటరు నీళ్లకి రెండున్నర గ్రాములు, ఆకుకి అంటుకోడానికి జిగురు మందు కలిపి కొట్టు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు పోయాలి, అంటే అర కిలో మందు. ఇది ఆకు మీద పొరలా ఉండి కాపలా కాస్తుంది, లోపలికి దిగిన దాన్ని చంపదు, గట్టి వాన పడితే కడుక్కుపోతుంది. కాబట్టి వారం, పది రోజులకి, జల్లు తీసే ముందు, ప్రొపికొనజోల్ లీటరుకి ఒక మిల్లీలీటరు. అది ఆకులోకి దిగుతుంది.

మామిడితోట_బంగారుపాళ్యం
మేం అజోక్సీస్ట్రోబిన్, డైఫెనోకొనజోల్ కలిసి వచ్చేది లీటరుకి ఒక మిల్లీ కొట్టాం. బాగా పని చేసింది. మీరెందుకు అది చెప్పలేదు?

పాత_ఏఓ
అదీ మంచిదే, ధర ఎక్కువ. ఒక్కటి మాత్రం చేయకండి. అదే మందు మళ్లీ మళ్లీ కొట్టడం. శిలీంధ్రం అలవాటు పడుతుంది. మార్చి మార్చి కొట్టాలి.

వీకోట_వెంకి
16 లీటర్ల ట్యాంకుతో 200 లీటర్లంటే పన్నెండు ట్యాంకులకి పైనే. ఆరడుగుల చేలో భుజాన ట్యాంకుతో. ఆకు రంపంలా చేతులు కోస్తుంది. ఎవరొస్తారు కూలికి?

పలమనేరు_రైతుబిడ్డ
అదే భయం.

డ్రోన్_అన్న
డ్రోన్ పిలవండి. ఎకరాకి పది నిమిషాలు.

మామిడితోట_బంగారుపాళ్యం
డ్రోన్ పది లీటర్ల నీళ్లతో ఎకరం చుట్టేస్తుంది. పై ఆకు తడుస్తుంది. తెగులు ఉన్నది కింద. ఎలా కుదురుతుంది?

డ్రోన్_అన్న
కాపాడుకోవాల్సింది కండె ఆకు, పైవే అని ఆ సారే చెప్పారు కదా. పైన పొర ఏర్పడితే చాలు. మరి జల్లు వచ్చిన చేలో మనిషి నడిస్తే ఎన్ని మొక్కలు విరుగుతాయో లెక్క వేశారా?

పాత_ఏఓ
ఇద్దరూ సగం సగం కరెక్టు. ఇప్పుడు రొమ్ము ఎత్తులో ఉంది కాబట్టి మొదటిసారి మనిషి చేత్తో, నాజిల్ కింది నుంచి పైకి తిప్పి కొట్టిస్తే మేలు. జల్లు దగ్గర పడ్డాక రెండోసారికి డ్రోన్ పెట్టుకోండి. నీళ్లు తగ్గాయని మందు తగ్గించకూడదు. ఎకరాకి ఎంత మందు పడాలో అంతే పడాలి.

పుత్తూరు_పద్మక్క
పొడుగు చేతుల చొక్కా, మూతికి గుడ్డ, కళ్లజోడు. నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు. మా ఇంటాయన బనీన్‌తో కొట్టి రెండు రోజులు కళ్లు తెరవలేదు.

చంద్రగిరి_స్వీట్‌కార్న్
నాది స్వీట్‌కార్న్. పచ్చి కండెలు కోసి తిరుపతి మార్కెట్‌కి వేస్తా. అలిపిరి దగ్గర నిప్పుల మీద కాల్చి అమ్మేవాళ్లు కొంటారు. పీచు వచ్చిన మూడు వారాలకే కోత. నేను ఎప్పుడు కొట్టాలి?

పాత_ఏఓ
జల్లు రాకముందే. పీచు వచ్చాక మీరు చేతులు ముడుచుకోండి. జనం ఆ కండెని నేరుగా కొరుకుతారు.

టమోటా_బాధితుడు
తిరిగొచ్చా. నిప్పుల మీద కాల్చి, నిమ్మకాయ, ఉప్పు, కారం. అక్కడ శిలీంధ్రం బతకదు.

వేదిక_కాపలా
మందు బతుకుతుంది. రెండో హెచ్చరిక.

జెర్సీఆవు
నా ప్రశ్నకి సగమే జవాబు దొరికింది. ఆఫ్రికన్ టాల్ మీద మచ్చలుంటే మందు కొట్టాలా వద్దా?

పాలకేంద్రం_పక్కన
మేతకి మందు ఎందుకు? 60, 70 రోజుల్లో కోసేస్తాం. ముందే కోసి వేసేయ్.

నాలుగో_ఏడు
ఇక్కడే నాకు ఒక సందేహం. మన పలమనేరు, వీకోట వైపు పాడి ఎక్కువ. మేత మొక్కజొన్న ఏడాది పొడుగునా ఏదో ఒక కయ్యలో పచ్చగా ఉంటుంది. ఒకటి కోస్తుంటే పక్కది మొలుస్తుంటుంది. శిలీంధ్రానికి పస్తు అనేదే లేదు. గింజ కోసం వేసుకున్న రైతు ఎంత బాగా చెత్త తీసినా పక్క మేత మడి నుంచి గాలికి వస్తుంది కదా?

పాత_ఏఓ
బాబూ, నీకు డిగ్రీ ఇవ్వమని నేను చెప్తా. అసలు సంగతి అదే. పంట మార్పిడి చేయండి, వేరుశనగ వేయండి, ఎండాకాలం దుక్కి లోతుగా దున్నండి అని ముప్పై ఏళ్లు చెప్పాను. రైతు ఒక్కడు పాటిస్తాడు, గెనిమ అవతల మేత మడి అట్లే ఉంటుంది. మేత మానమని చెప్పలేం, పాల డబ్బులే ఇంటిని నడిపేది. కోసిన వెంటనే మొదళ్లు దున్నించాలి, ఎండు చొప్ప కొత్త చేను పక్కన పెట్టకూడదు. ఇంత మాత్రం చేసినా చాలా తేడా ఉంటుంది.

కుప్పం_కుర్రోడు
చొప్ప కాల్చేస్తే పోలా?

పాలకేంద్రం_పక్కన
మేతని కాలుస్తావా? మా వైపు అంటే తంతారు.

పాత_ఏఓ
కాల్చొద్దు. దున్ని మట్టిలో కలిపితే కుళ్లిపోతుంది, కుళ్లిన చెత్తలో ఇది ఎక్కువ కాలం బతకదు. నేల పైన ఎండి పడి ఉన్నదే ప్రమాదం.

వీకోట_వెంకి
మా గట్టు మీద జొన్న వేశాను, తెల్లదోమకి అడ్డమని. జొన్నకీ ఇదే తెగులు వస్తుందట కదా?

పాత_ఏఓ
వస్తుంది, అదే జాతి. అయితే జొన్న మీద పెరిగేది ప్రతిసారీ మొక్కజొన్నకి ఎక్కదు, ఇక్కడిది అక్కడా అంతే. జొన్న మీద మచ్చలు లేకపోతే వదిలేయ్.

మామిడితోట_బంగారుపాళ్యం
విత్తనశుద్ధి గురించి ఎవరూ మాట్లాడలేదు?

పాత_ఏఓ
హైబ్రిడ్ విత్తనం ఎర్రగానో గులాబీగానో వస్తుంది, అంటే మందు పట్టించే ఉంది. మామూలు విత్తనమైతే కిలోకి మూడు గ్రాముల థైరమ్ గానీ కాప్టాన్ గానీ కలపండి. అది మొలక కుళ్లకుండా పనికొస్తుంది. చెత్తలోంచి గాలికి వచ్చే ఆకుమాడుకి అదొక్కటే చాలదు. తట్టుకునే హైబ్రిడ్ కొనడం మేలు. సంచి మీద టర్సికం తట్టుకుంటుందని రాసి ఉందో లేదో చదవండి. మనవాళ్లు సంచి మీద కండె బొమ్మ చూసి కొంటారు.

వీకోట_వెంకి
మా ఊళ్లో అందరిదీ ఒకే బొమ్మ. ఒకడికి బాగా పండిందని మిగతా అందరూ అదే వేస్తారు.

నాలుగో_ఏడు
దీనికి ఒక పెద్ద కథ ఉంది. 1970లో అమెరికాలో. విత్తనం తయారుచేసేటప్పుడు జల్లు పీకే కూలి ఖర్చు తగ్గుతుందని, మగ పూత పనిచేయని ఒక రకం వాడారు, టెక్సస్ సైటోప్లాజం అంటారు. అప్పటికి వాళ్ల మొక్కజొన్నలో దాదాపు 85 శాతం దాని నుంచే వచ్చింది. పద్మక్క చేలో ఉన్న మేడిస్ ఉంది కదా, దాంట్లో కొత్త తెగ పుట్టి, సరిగ్గా ఆ రకం మీదే పడింది. ఆ ఒక్క ఏడు దేశం మొత్తం పంటలో సుమారు 15 శాతం పోయింది. ఆ తరవాత మళ్లీ మనుషులతో జల్లు పీకించడం మొదలుపెట్టారు.

పుత్తూరు_పద్మక్క
నా చేలో ఉన్నది అంత పెద్ద పేరున్నదని తెలీదు. ఇంకెవరూ నన్ను తక్కువగా చూడొద్దు.

పలమనేరు_రైతుబిడ్డ
చెప్పడానికి వచ్చా. నిన్న మధ్యాహ్నం ఎండ కాసింది. వామి అడుగు చెత్త మొత్తం తీసి గుంతలో పూడ్చాం, మూడు బండ్లు వచ్చింది. మాంకోజెబ్ ఎకరాకి అర కిలో, జిగురు కలిపి కొట్టించాను. ఇద్దరు మనుషులు, ఒక్కరోజు. మందు ఖర్చు ఆ టానిక్ డబ్బుల్లో సగానికి తక్కువే. పది మొక్కలకి దారం కట్టాను. ఎర్ర దారం లేదు, మా పాప రిబ్బన్ కత్తిరించి కట్టా. ఇంట్లో ఇంకో గొడవ.

కుప్పం_కుర్రోడు
నీళ్లు స్ప్రింక్లర్‌తో పెడతావా, డ్రిప్పా?

పలమనేరు_రైతుబిడ్డ
డ్రిప్. పక్క చేను వాళ్లకి నీళ్లు దూరంగా చిమ్మే రెయిన్‌గన్ ఉంది, కరెంటు వచ్చేది రాత్రి కాబట్టి రాత్రంతా తిరుగుతుంది. గాలికి నా నాలుగు చాళ్లు కూడా తడుస్తాయి.

పాత_ఏఓ
ఆకు రాత్రంతా తడిగా ఉండడమే దానికి పండగ. ఆయనతో మాట్లాడి ఆ గన్ కొంచెం అవతలికి జరిపించు.

పలమనేరు_రైతుబిడ్డ
ఎనిమిదో రోజు. వామి పక్క రెండు చాళ్లలో రిబ్బన్ దాటి ఒక ఆకు ఎక్కింది. మిగతా ఎనిమిది మొక్కల్లో రిబ్బన్ పైన శుభ్రంగా ఉంది. ఎల్లుండి ప్రొపికొనజోల్‌కి డ్రోన్ చెప్పాను. ఆ రెండు చాళ్ల మీద ఆశ వదిలేశా.

డ్రోన్_అన్న
నన్ను పిలవలేదే.

పలమనేరు_రైతుబిడ్డ
నీ నంబర్ ఎవరికి తెలుసు అన్నా, ఇక్కడ పెడితే కాపలా సార్ పీకేస్తారు.

వీకోట_వెంకి
నేను ఆలస్యంగా మేల్కొన్నా. పీచు వచ్చేసింది, కండె ఆకు మీద రెండు మచ్చలు. ఇప్పుడు కొట్టనా మాననా?

పాత_ఏఓ
పీచు ఎన్ని రోజుల కింద వచ్చింది?

వీకోట_వెంకి
నాలుగు.

పాత_ఏఓ
ముసురు ఇంకా ఉంటే ఒక్కసారి కొట్టు, ప్రొపికొనజోల్. ఎండ కాస్తుంటే వదిలేయ్, మిగిలిన ఆకులు చాలు. ఇంకో రెండు వారాలయ్యాక అడిగుంటే వద్దనే చెప్పేవాణ్ణి.

పలమనేరు_రైతుబిడ్డ
చాలా రోజులకి ఈ చర్చని పైకి తెస్తున్నా. కోత అయింది. రెండెకరాలకి 57 క్వింటాళ్లు. వామి పక్క చాళ్లలో కండెలు వలిచి చూస్తే కొస రెండంగుళాలు ఖాళీ, గింజ బియ్యంలా సన్నగా ఉంది. ఏడో చాలు నుంచి కొస దాకా గింజ నిండింది. అంత తేడా పక్కపక్కనే చూస్తుంటే కడుపు రగిలింది. ఈసారి చొప్ప ఇంటి దగ్గరికే తోలించాను, చేలో శెనక్కాయలు వేస్తున్నా. ఇంకో సంగతి, పక్కాయన మళ్లీ మేత మొక్కజొన్నే వేశాడు. ఏం చేయను?

జెర్సీఆవు
ఒక్క నిమిషం. మీది చెరువు కింద, నీలం షెడ్డు పక్క చేనా?

పలమనేరు_రైతుబిడ్డ
అవును. ఎందుకు?

జెర్సీఆవు
ఆ ఆఫ్రికన్ టాల్ నాది. రెయిన్‌గన్ కూడా.

టమోటా_బాధితుడు
😂😂😂 కాపలా సార్, ఈ ఒక్కసారికి వదిలేయండి

పలమనేరు_రైతుబిడ్డ
మూడు నెలలుగా ఇక్కడ మాట్లాడుకుంటున్నాం కదన్నా! గెనిమ మీద కలిస్తే తల ఊపి పోతావు!

జెర్సీఆవు
నువ్వూ అంతే కదా. గన్ రేపే జరుపుతా. పోయిన కోత మొదళ్లు ఇంకా దున్నలేదు, నీ చేను వైపే ఉన్నాయి. రొటావేటర్ నాకు లేదు.

పలమనేరు_రైతుబిడ్డ
నాది ఉంది. డీజిల్ నువ్వు పోయించు. పొద్దున ఏడుకి రా, టీ మా ఇంట్లో.